చుంగ్‌వెయ్ ఇంకా ఆలోచిస్తున్నాడు

యో చుంగ్‌వెయ్‌లో చెప్పుకోదగ్గ గుణం ఒక్కటే: అతను ఆలోచిస్తాడు. తైపే నగరంలో పోకర్ ఆడేవాళ్లను ఎవరినైనా అడగండి. అతని పేరు చెప్పగానే ముందు ఒక నిట్టూర్పు వినిపిస్తుంది, ఆ తరువాతే మాట.

పేకాటలో ఆలోచించడం తప్పేమీ కాదు. టోర్నమెంట్లు ఆడి బతికే మాకు అదే వృత్తి. కానీ ఆలోచించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మా ఆటలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా పంచుతారు. తరువాత ఐదు ముక్కలు అందరికీ చెందేలా బల్ల మీద పరుస్తారు. చేతికొచ్చినవి ఒక ఏడూ ఒక రెండూ అయ్యాయంటే అంతకన్నా పనికిమాలిన జత ఉండదు. నిద్రమత్తులో ఉన్నవాడైనా పారేస్తాడు. చుంగ్‌వెయ్ మాత్రం వాటిని చూస్తాడు. కింద పెడతాడు. పైకప్పు చూస్తాడు. ఎడమ చెవి రుద్దుకుంటాడు. సీసా మూత తీసి ఒక గుక్క నీళ్లు తాగి, మూత పెట్టి, అది సరిగ్గా బిగిసిందో లేదో మళ్లీ చూసుకుంటాడు. బల్ల చుట్టూ ఉన్న ముఖాలను వరసగా పరిశీలిస్తాడు. అప్పుడు ముక్కలు మరోసారి ఎత్తి, ఇందాకటి ఏడూ రెండూ ఇప్పటికీ ఏడూ రెండుగానే ఉన్నాయని రూఢి చేసుకుని, తాతల నాటి పొలం దానం చేస్తున్నవాడిలా వాటిని మెల్లగా ముందుకు జరుపుతాడు.

"అయిందా?" అంటాడు లాయ్ అన్న.

"అయిందన్నా."

"ఏం వచ్చాయిరా నీకు, అంతసేపు చూశావు?"

"చెప్పకూడదన్నా. ఆట జరుగుతోంది కదా."

లాయ్ అన్న ఒకప్పుడు సాన్‌చుంగ్‌లో స్కూటర్లు అమ్మేవాడు. కొనడానికి వచ్చినవాడు రంగు గురించి తటపటాయిస్తే, అతన్ని వదిలేసి పక్కవాడికి అమ్మేసేవాడట. ఆటలో కూర్చుంటే బల్ల కింద అతని మోకాలు కుట్టుమిషన్‌లా ఆడుతూనే ఉంటుంది. అలాంటి మనిషికీ చుంగ్‌వెయ్‌కీ చీటీల్లో ఎప్పుడూ పక్కపక్క కుర్చీలే పడేవి. పోయిన జన్మలో ఏం చేశానో అని లాయ్ అన్న గుడికి కూడా వెళ్లివచ్చాడు.

అతని కోపానికి కారణం లేకపోలేదు. టోర్నమెంటులో ప్రతి పంపకానికీ ఇద్దరు తప్పనిసరిగా కొన్ని చిప్స్, అంటే డబ్బుకు బదులు వాడే పందెం బిళ్లలు, ముందుకు పెట్టాలి. పొద్దు గడిచేకొద్దీ ఆ తప్పనిసరి పందెం పెరుగుతూ పోతుంది. చిప్స్ తక్కువగా ఉన్నవాడికి మంచి ముక్కలు వచ్చేలోపే పందెం పెరిగిందంటే వాడి పని అయిపోయినట్టే. అంటే చుంగ్‌వెయ్ ఒకసారి చెవి రుద్దుకునేసరికి పక్కవాడి ఆయుష్షు కొంత కరిగేది.

అందుకని ఒక నియమం ఉంది. ఎవరైనా మరీ ఆలస్యం చేస్తే మిగతావాళ్లు "టైమ్" అని పిలవవచ్చు. మేనేజర్ దు గారు వచ్చి పక్కన నిలబడి పైకి లెక్కపెడతాడు. సున్నా వచ్చేలోపు తేల్చకపోతే ముక్కలు చెల్లవు. దు గారు పెద్దమనిషి, టై కట్టుకుని కాన్వాసు బూట్లు వేసుకుంటాడు. చుంగ్‌వెయ్ ఉన్న రోజున ఆయన లెక్కపెట్టీ పెట్టీ గొంతు బొంగురుపోయి జేబులో దగ్గు బిళ్లలు పెట్టుకుని తిరిగేవాడు.

"నాలుగు, మూడు, రెండు..." అనేవాడు దు గారు.

"దు గారూ, కాస్త మెల్లగా లెక్కపెడుతున్నారేమో," అనేవాడు లాయ్ అన్న.

"ఒకటి," అనేవాడు దు గారు. అప్పుడు చుంగ్‌వెయ్ ముక్కలు పారేసేవాడు.

బల్ల దగ్గర ఒక్కచోటే అయితే వృత్తిధర్మం అనుకునేవాళ్లం. బయట కూడా అంతే. మా వీధి మొదట్లో ఒకావిడ పొద్దున్నే గుడ్డు అట్లు, సోయా పాలు అమ్ముతుంది. అట్టులో మొక్కజొన్న గింజలు వేయాలా వద్దా అని ఆమె అడిగితే చుంగ్‌వెయ్ పైకప్పు కేసి చూసేవాడు. వెనక వరసలో బడికి పోయే పిల్లలు, ఆఫీసుకు పోయేవాళ్లు కాళ్లు మార్చుకుంటూ నిలబడేవారు. చివరికి ఆమె, "బాబూ, నువ్వు ఆ స్తంభం పక్కన నిలబడి ఆలోచించుకో, నేను పెనం కడిగేలోపు చెప్పు చాలు" అనేది. మెట్రో స్టేషన్లో రైలు వస్తే ఎక్కాలా, తరువాతది ఎక్కాలా అని ఆలోచించేవాడు. తలుపులు మూసుకునేవి. అతని కోసం ఎదురుచూస్తూ నేను వదులుకున్న రైళ్లన్నీ వరసగా నిలబెడితే దక్షిణాన ఉన్న తైనాన్ ఊరి దాకా వస్తాయి.

ఒక క్లబ్బువాళ్లు ఒకసారి తమ పేరు అచ్చువేసిన చొక్కా అతనికిచ్చి, ఇది వేసుకుని ఆడు, నీ ఖర్చులు మేం చూసుకుంటాం అన్నారు. మా లోకంలో అది చిన్న విషయం కాదు. ఒక మధ్యాహ్నం కూర్చుని అతని ఆట చూశారు. సాయంత్రం చొక్కా తిరిగి తీసుకుని వెళ్లిపోయారు. "మా పేరు వినగానే జనానికి ఆవలింత రాకూడదు కదా," అన్నాడట వాళ్ల మనిషి. చుంగ్‌వెయ్ ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పాడు. తరువాత రెండు వారాలు చొక్కాల కొట్టు ఉన్న వీధిలోకి మాత్రం రాలేదు.

మాకందరికీ ఆట నేర్పింది ఫాంగ్ పిన్ని. ఆమె ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెప్పి రిటైరైంది. యాభై దాటాక పోకర్ నేర్చుకుని, ఏడాది తిరక్కుండానే నేర్పినవాళ్లను ఓడించింది. ముక్కలు రాకముందే ఏవి రావడానికి ఎంత అవకాశముందో నోటిమీద చెప్పేది. చేతిలో చిప్స్ ఆమె ఆడిస్తుంటే గాజుల గలగలలా ఉండేది. ఆ చప్పుడు వినబడితే మాకు భయం. అలాంటి మనిషికి ఒక రోజు వంటింట్లో పక్షవాతం వచ్చింది. మాట, నడక తొందరగానే దారికొచ్చాయి. కుడి చెయ్యి మాత్రం బరువెక్కిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ ఆటకు వచ్చింది. చిప్స్ తీయబోతే జారేవి, దొర్లేవి. పోగుచేసుకుని మళ్లీ తీసేది. ఆమె నెమ్మది గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ బల్ల దగ్గరే చుంగ్‌వెయ్ కూర్చుని సీసా మూత బిగిస్తూ ఉండేవాడు మరి. ఆ రోజుల్లోనే అతని నెమ్మది మరీ ముదిరింది కూడా, తిట్లన్నీ అతనికే సరిపోయేవి.

అతని గురించి నాకు మొదటిసారి అనుమానం వచ్చింది ఒక సోమవారం ఉదయం. అమెరికాలో ఆదివారం జరిగే పెద్ద ఆన్‌లైన్ టోర్నమెంట్లు మాకు సోమవారం పొద్దున్న పడతాయి. మా ఇంట్లో నెట్ పోయింది. లాప్‌టాప్ పట్టుకుని జోంగ్‌హ పేటలో ఉన్న అతని గదికి పరిగెత్తాను. తలుపు తెరిచే ఉంది. తెర నిండా చిన్నచిన్న బల్లలు, ఒక్కోదానిలో ఒక్కో టోర్నమెంటు. వాటి మధ్య చుంగ్‌వెయ్ చెయ్యి కనబడడం లేదు. అంటే అంత వేగంగా కదులుతోంది. ఒక బల్లలో పారేశాడు, రెండోదానిలో పెంచాడు, మూడోదానిలో ఉన్నదంతా తోసేశాడు, ఈ మూడూ అయ్యేలోపు ఎడమ చేత్తో అన్నం పొట్లం విప్పి ఒక ముద్ద తిన్నాడు.

"ఒరే, ఇది నువ్వేనా?"

"కూర్చో, ఆలియాంగ్. ఆ కుర్చీ కాలు విరిగింది, జాగ్రత్త."

"ఆ నాలుగో బల్లలో రాణుల జత పారేశావు. ఒక్క క్షణం కూడా చూడలేదు."

"చూడ్డానికేముంది. అవతలివాడి దగ్గర రాజులున్నాయి."

ఉన్నాయి. నా కళ్లముందే తెరమీద బయటపడ్డాయి.

"మరి మా ముందు ఏడూ రెండూ పట్టుకుని అంతసేపు ఏం చూస్తావురా?"

చుంగ్‌వెయ్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చెవి రుద్దుకున్నాడు. "అక్కడ మనుషులుంటారు కదా," అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు ఆ రోజు తెలియలేదు.

ఆ శరదృతువులో తైపే ఛాంపియన్‌షిప్ దగ్గరపడింది. మా ఏడాదంతా దానికోసమే. లాయ్ అన్న ముందుండి పదిమందిని వెంటబెట్టుకుని దు గారి దగ్గరికి వెళ్లాడు. "మేం ముసలివాళ్లమైపోతున్నాం, ఏదో ఒకటి చేయండి" అన్నాడు. దు గారు ఒక గడియారం యంత్రం తెప్పించాడు. ఒక్కటే తెప్పించాడు కాబట్టి ఆఖరి రోజు ఆఖరి బల్లకు మాత్రమే అని ప్రకటించాడు. ప్రతి నిర్ణయానికీ అరనిమిషం. అదనంగా కావాలంటే ఒక్కొక్కరికి కొన్ని టైమ్ కార్డులు ఇస్తారు, అవి అయిపోతే అంతే. యంత్రం మొండికేయకుండా, మా ఊళ్లో అందరూ నమ్మే ఆనవాయితీ ప్రకారం, దాని పక్కన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం కూడా ఒకటి పెట్టించాడు.

ఈ వార్త వినగానే చుంగ్‌వెయ్ పరిగెత్తాడు. అతను పరిగెత్తడం నేను అంతవరకూ చూడలేదు. వెనకాలే నేనూ దు గారి గదిలోకి వెళ్లాను.

"దు గారూ, గడియారం వద్దండి."

"నువ్వే అడుగుతున్నావా? నీకోసమే కదయ్యా తెప్పించింది. రాత్రి కళ్లు మూసుకుంటే నాలుగు, మూడు, రెండు అని నాకే వినిపిస్తోంది."

"అందరికీ ఇబ్బంది అవుతుందండి."

"సరే, ఒక మాట. ఇకనుంచి అందరిలా త్వరగా ఆడతానని మాటివ్వు. ఇప్పుడే యంత్రం వెనక్కి పంపేస్తాను."

చుంగ్‌వెయ్ నోరు తెరిచాడు. మూశాడు. గోడకేసి చూశాడు. చేతిలో సీసా లేకపోయినా వేళ్లు మూత తిప్పుతున్నట్టు కదిలాయి. దు గారు ఎదురుచూశాడు. నేనూ ఎదురుచూశాను. బయట ఒక బస్సు వచ్చి, జనాన్ని ఎక్కించుకుని, వెళ్లిపోయింది.

"చూశావా," అన్నాడు దు గారు నీరసంగా. "దీనికే గడియారం."

మెట్ల దగ్గర చుంగ్‌వెయ్ కూలబడ్డాడు.

"మాటివ్వడానికేం పోయేదిరా?" అన్నాను.

"నేను త్వరగా ఆడితే, బల్ల దగ్గర అందరికంటే నెమ్మది ఎవరవుతారు?"

నాకు వెలగలేదు.

"పిన్నిరా," అన్నాడు. "జబ్బుచేసి తిరిగొచ్చిన మొదటి రోజు గుర్తుందా? వేళ్లు పట్టులేక చిప్స్ దొర్లిపోయాయి. లాయ్ అన్న 'పిన్నీ, ఈ వారంలోగా అవుతుందా' అన్నాడు. అన్న హాస్యానికే అన్నాడు పాపం. పిన్ని మాత్రం చెయ్యి తీసి ఒళ్లో దాచేసుకుంది. ఆ రోజు ఇంక ఒక్క పందెం కాయలేదు. మంచి ముక్కలొచ్చినా ఎడం చేత్తో పారేస్తూ కూర్చుంది. ఇంకోసారి అలా జరిగితే ఆట మానేస్తుందిరా ఆమె. నాకు తెలుసు."

"అందుకని నువ్వు..."

"ఆమెకన్నా విసుగు పుట్టించేవాడు పక్కనే ఉంటే ఆమెను ఎవరు చూస్తారు?"

ఇక అడగాల్సింది అడిగాను. "మరి గుడ్డు అట్టు దగ్గర?"

"ఆ కొట్టావిడా పిన్నీ పొద్దున్నే ఒకే పార్కులో వ్యాయామం చేస్తారు. బల్ల దగ్గర మాత్రమే నేను నెమ్మదని తెలిసిందనుకో, లెక్కల టీచరు, మిగతాది తేల్చడానికి ఆమెకు ఎంతసేపు?"

"మెట్రోలో? అక్కడ పిన్ని ఎక్కడుంది?"

చుంగ్‌వెయ్ సిగ్గుపడ్డాడు. "అది అలవాటైపోయిందిరా."

ఛాంపియన్‌షిప్ మొదలైంది. నేను శనివారం మధ్యాహ్నానికే ఓడిపోయి బయటపడ్డాను, కాబట్టి మిగిలినదంతా బల్లల చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడి చూశాను. ఆ శనివారం చుంగ్‌వెయ్ పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. తన ఆట ఒక పక్క, పక్క బల్లలో పిన్ని ఆట ఒక పక్క. ఆమె ఓడిపోవాలని కోరుకోలేడు. ఆమె గెలిచిన కొద్దీ ఆఖరి బల్లకు, ఆ గడియారానికి దగ్గరవుతోంది. ఆమె గెలిచిన ప్రతిసారీ లేచి చప్పట్లు కొట్టేవాడు, కూర్చుని తల పట్టుకునేవాడు. లాయ్ అన్న, "ఇప్పుడు పక్క బల్ల గురించి కూడా ఆలోచిస్తున్నాడు, ఇంక మనకు కొత్త సంవత్సరం దాటినా సెలవు లేదు" అని గొణిగాడు. సాయంత్రానికి ముగ్గురూ, పిన్నీ లాయ్ అన్నా చుంగ్‌వెయ్యీ, ఆఖరి బల్లకు చేరారు.

ఆదివారం భోజనాలయ్యాక ఆట. లోపలికి వెళ్లేముందు చుంగ్‌వెయ్ నా చొక్కా పట్టుకున్నాడు. "ప్రతిసారీ ఆఖరి క్షణం దాకా లాగుతాను. టైమ్ కార్డులన్నీ అందరికంటే ముందు తగలేస్తాను. దు గారు నామీద అరుస్తాడు. ఆ గోలలో పిన్ని ఎంతసేపు తీసుకున్నా ఎవరికీ పట్టదు." ఏడాదిలో ఒక్కసారి దొరికే అవకాశం అతనిది కూడా. ఆ విషయం అతనికి గుర్తుందో లేదో నాకు అనుమానమే.

ముక్కలు పంచే అమ్మాయి మొదటి పంపకం పూర్తిచేసింది. ముందుగా ఆడాల్సింది ఫాంగ్ పిన్ని. అమ్మాయి మీట నొక్కింది. తెరమీద అంకెలు కదలడం మొదలుపెట్టాయి. నేను తాడు గట్టిగా పట్టుకున్నాను.

పిన్ని కుడి చెయ్యి చాపింది. చిప్స్ బొత్తి ఒకటి ఎత్తింది, ఒక్క తిప్పుతో రెండుగా కోసింది, ఒకదాన్ని ముందుకు తోసింది. గలగలమని పాత చప్పుడు. మీట నొక్కిన అమ్మాయి వేలు ఇంకా మీట మీదే ఉంది.

"పెంచాను," అంది పిన్ని.

బల్ల అంతా బిగుసుకుపోయింది. లాయ్ అన్న మోకాలు ఆగిపోయింది. తరువాత ఇద్దరు ముక్కలు పారేశారు. చుంగ్‌వెయ్ వంతు వచ్చింది. అతను ముక్కలు చూసుకున్నాడు, తరువాత పిన్ని చేతికేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఈసారి ఆలోచించడం లేదని నాకు తెలుసు. అంకెలు పడిపోతున్నాయి. "చుంగ్‌వెయ్," అని గొంతు దాకా వచ్చింది, కానీ ఆడేవాళ్లకు బయటినుంచి ఏమీ చెప్పకూడదు. కార్డు వేయడం కూడా మరిచిపోయాడు. యంత్రం కీచుమంది.

"సమయం అయిపోయింది. ముక్కలు చెల్లవు," అన్నాడు దు గారు.

ఆ పంపకం ముగిశాక, బల్లకు అమర్చిన కెమెరా పట్టిన అతని ముక్కలను గోడమీద పెద్ద తెరలో చూపించారు. ఆసుల జత. పోకర్‌లో అంతకు మించింది లేదు. హాలంతా ఒక్కసారి మూలిగింది. చుంగ్‌వెయ్ మాత్రం ఇంకా పిన్ని చేతినే చూస్తున్నాడు.

ఆ గంటంతా ఆమె అలాగే ఆడింది. ముక్కలు చూడడం, పారేయడమో పెంచడమో, అంతే. చుంగ్‌వెయ్ తన టైమ్ కార్డులు ఆశ్చర్యపోవడానికే ఖర్చుపెట్టేశాడు. అతని చిప్స్ సగానికి పడిపోయాయి. మొదటి విరామం ఇవ్వగానే వరండాలో ఆమెకు అడ్డం నిలబడ్డాడు. నేను అతని పక్కనే ఉన్నాను.

"పిన్నీ, నీ చెయ్యి."

"ఏం చెయ్యి?"

"బాగైపోయింది."

"అయి ఏడాది దాటింది. రోజూ పార్కుకు ఊరికే వెళ్తున్నానా?"

"మరి చిప్స్ దొర్లడం?"

పిన్ని అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. "నీకోసమేరా. నాకు బాగయ్యేసరికి నువ్వు పూర్తిగా మొద్దుబారిపోయి ఉన్నావు. ఏడూ రెండూ పారేయడానికి కూడా పైకప్పు చూస్తున్నావు. అట్లు అమ్మే ఆమె కూడా చెప్పింది, మొక్కజొన్న గింజలు వేయాలో వద్దో తెలియడం లేదట పాపం ఆ అబ్బాయికి అని. అందరూ నిన్ను కాకుల్లా పొడుస్తున్నారు. ఇంక నేను కూడా టకటకా ఆడేస్తే నీకు తోడెవరు? ముసలిదాన్ని, జబ్బుపడి లేచినదాన్ని, కాసిని చిప్స్ దొర్లిస్తే నన్నెవరూ ఏమీ అనరు కదా అని."

"కావాలని దొర్లించావా?"

"అదేమైనా సులువనుకున్నావా? సహజంగా పడాలి కదా. ఇంట్లో పళ్లెంలో పోసుకుని సాధన చేశాను."

చుంగ్‌వెయ్ గోడకు ఆనుకున్నాడు. అతనికి చేతగాకపోతే నేనే చెప్పాను. అతను ఎందుకు నెమ్మదయ్యాడో, ఎప్పటినుంచో, ఎవరికోసమో. ఫాంగ్ పిన్ని వింది. ముఖం ఎర్రబడింది. నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక చివరికి అతని చెవి పట్టుకుంది, అతనెప్పుడూ రుద్దుకునే ఎడమ చెవే.

"అంటే ఏడాదిపాటు, నువ్వు నాకోసమూ నేను నీకోసమూ..."

"అవును పిన్నీ."

"పాపం లాయ్," అంది పిన్ని.

ముగ్గురం నవ్వాం. గంట మోగింది. లోపలికి వెళ్తూ ఆమె ఆగింది. ముఖంలో నవ్వు లేదు. "ఒక మాట వినరా. ఇంక నామీద కనికరం చూపించావో, జన్మలో నీతో మాట్లాడను. బల్ల దగ్గర నేను నీ పిన్నిని కాదు."

"నువ్వు కూడా చూపించకు."

"నేనా?" అంది పిన్ని. "ఆసుల జతను చేజేతులా చంపుకున్నవాడి మీద కనికరమేమిట్రా?"

ఆ తరువాత జరిగిన ఆట తైపేలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చుంగ్‌వెయ్ ఆ సోమవారం ఉదయం గదిలో ఆడినట్టు ఆడాడు. చెవి రుద్దుకోవడం లేదు, సీసా మూత బిగించడం లేదు. అమ్మాయి మీట నొక్కేలోపే అతని ముక్కలు బల్ల మధ్యలో ఉండేవి. ఇటునుంచి అతను, అటునుంచి పిన్ని. నడుమ ఉన్నవాళ్లు గాలివానలో గొడుగులు పట్టుకున్నట్టు కూర్చున్నారు. అతని చిప్స్ తిరిగి పెరిగాయి. ఒక్కొక్కరే లేచిపోయారు. చివరికి ముగ్గురు మిగిలారు. ఇద్దరి మధ్య లాయ్ అన్న చెమటలు కక్కుతున్నాడు.

"కాస్త ఆలోచించుకోనివ్వండి," అన్నాడు లాయ్ అన్న.

హాల్లో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. అన్న ఒక కార్డు వేశాడు. ఇంకో కార్డు వేశాడు. పైకప్పు చూశాడు.

"అన్నా, నీళ్లు తాగు," అన్నాడు చుంగ్‌వెయ్ మర్యాదగా.

అన్న చివరి క్షణంలో ఉన్నదంతా తోసి, పిన్ని చేతిలో ఓడి, లేచాడు. వెళ్లిపోలేదు. వచ్చి తాడు దగ్గర నా పక్కన నిలబడ్డాడు. జరిగింది నేను అతని చెవిలో చెప్పాను. "ఈ ఇద్దరినీ ఒక గదిలో పెట్టి తాళం వెయ్యాలి," అన్నాడు అన్న, చొక్కా చేతితో ముఖం తుడుచుకుంటూ.

ఇద్దరే మిగిలారు. ఇద్దరి దగ్గరా చిప్స్ దాదాపు సమానం, పిన్ని దగ్గర పిసరు ఎక్కువ. కొన్ని పంపకాలు అటూ ఇటూ ఊగాయి. అప్పుడు ఆ పంపకం వచ్చింది. బల్ల మీద ఒక రాజు, రెండు తొమ్మిదులు, ఒక నాలుగు, ఒక ఆరు. చుంగ్‌వెయ్ చేతిలో ఆసు, రాజు. మంచి జతే, కానీ ఎవరి దగ్గరైనా ఒక్క తొమ్మిది ఉంటే ఆ జతకు విలువ లేదు. పిన్ని అన్ని చిప్సూ ముందుకు తోసింది. తోస్తుంటే ఆమె కుడి చెయ్యి వణికింది. ఒక చిప్ జారి, బల్లమీద దొర్లి, గుండ్రంగా తిరిగి పడిపోయింది.

హాలంతా ఆ చిప్‌ని చూసింది. చుంగ్‌వెయ్ పిన్ని చేతికేసి చూశాడు. చెయ్యి వణికిందంటే గట్టి ముక్కలున్నాయని మా ఆటలో పసివాళ్లకూ తెలుసు. కానీ ఇంట్లో పళ్లెంలో పోసుకుని సాధన చేసిన చెయ్యి అది. గట్టి ముక్కలున్నట్టు నమ్మించడానికి నటిస్తోందా? లేక జబ్బు తిరగబెడుతోందా? ఆ భయం కూడా అతని కళ్లలో కనిపించింది. గడియారం పరుగెడుతోంది. అతని దగ్గర ఒక్క టైమ్ కార్డు కూడా మిగల్లేదు.

"దు గారూ," అంది పిన్ని. "ఇద్దరమే కదా. మేమిద్దరం ఒప్పుకుంటే ఆ యంత్రం ఆపవచ్చా?"

దు గారు తటపటాయించాడు. "ఇద్దరూ ఒప్పుకుంటే ఆపవచ్చు."

"ఆపండి. వాడిని ఆలోచించుకోనివ్వండి."

తెరమీద అంకెలు ఆగిపోయాయి. చుంగ్‌వెయ్ ఆలోచించాడు. ఏడాదికి పైగా నటించినవాడు ఇప్పుడు నిజంగా ఆలోచించాడు. ఆ తేడా నాకు ఒక్కడికే కాదు, అందరికీ తెలిసింది. ఎవరూ ఆవలించలేదు. లాయ్ అన్న నా భుజం పట్టుకున్నాడు. పిన్ని చేతులు బల్లమీద పెట్టుకుని, విద్యార్థి లెక్క చేస్తుంటే టీచరు ఎదురుచూసినట్టు ఓపిగ్గా కూర్చుంది.

చివరికి చుంగ్‌వెయ్ ఆమె కళ్లలోకి చూశాడు. "నటన," అన్నాడు. తన చిప్స్ అన్నీ ముందుకు తోశాడు.

పిన్ని ముక్కలు తిప్పింది. తొమ్మిది, నాలుగు. బల్లమీదున్నవాటితో కలిపి మూడు తొమ్మిదులు, రెండు నాలుగులు. చుంగ్‌వెయ్ పని అయిపోయింది. తైపే ఛాంపియన్ ఫాంగ్ పిన్ని.

కొంతసేపు గోలలో ఎవరేం అన్నారో తెలియలేదు. లాయ్ అన్న తాడు దాటి వెళ్లి పిన్నికి వంగి దండం పెట్టాడు, తరువాత చుంగ్‌వెయ్ వీపుమీద గట్టిగా ఒకటి చరిచాడు. చుంగ్‌వెయ్ కుర్చీలోనే ఉన్నాడు. ఓడిపోయినవాడి ముఖంలా లేదు అతనిది. ఏదో ఒక్కటి తెలుసుకుంటే చాలు అన్నట్టు ఉంది.

"పిన్నీ, నిజం చెప్పు. ఆ చెయ్యి వణకడం నటనేనా?"

"నటన కాదురా."

అతను లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అయితే రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"డాక్టరెందుకురా?" అంది పిన్ని, ఇంకా వణుకుతున్న ఆ చేత్తోనే ఛాంపియన్ కప్పు ఎత్తుకుంటూ. "గెలవబోతుంటే ఎవరికి వణకదు?"